ఆ ఏడు రాని వరద

ఆగస్టు ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున వాగు కొలత చూసి వచ్చి, గుమ్మంలో కూర్చుని పాల టీలో రొట్టె తుంచుకుంటుంటే ఫోన్ మోగింది. జిల్లా వాతావరణ కార్యాలయం నుంచి ఫరోగత్. రోజుకి రెండుసార్లు నా కొలతలు రాసుకునేది ఆ పిల్లే. పన్నెండేళ్లుగా ఫోన్‌లో మాట్లాడుకోవడమే, ఆమె ముఖం నేను రెండుసార్లకి మించి చూడలేదు.

"షోదీ అన్నా, రాసుకో. వచ్చే పది రోజులూ పొడి వాతావరణం. పగలు హాయిగా ఉంటుంది, రాత్రిళ్లు చలి. కొండ ప్రాంతాల్లో వరద ముప్పు తక్కువ. ఖాళీ చేయించిన ఇళ్లవాళ్లు ఇక వచ్చేయొచ్చు. మీ మసీదు మైకులో చదివేయ్."

"ఇంకోసారి చెప్పమ్మా."

"ఏం, చెవులు వాగులో పడేసుకున్నావా?" అని నవ్వి, మళ్లీ చదివింది.

రాసుకున్నాను. నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ నాకు జూన్‌లోనే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నది దాని గురించే.

మా సర్‌బాగ్ ఊరు జరఫ్షాన్ నదికి ఎగువన, ఒక వాగు వచ్చి నదిలో కలిసేచోట ఉంది. ఊరు చాలావరకు గట్టు మీద ఉంటుంది. తొమ్మిది ఇళ్లు మాత్రం వాగు తెచ్చి పరిచిన మేట మీద, నేరేడుపళ్ల రంగు మట్టిలో, జల్దారు పళ్ల తోటల మధ్య ఉంటాయి. ఆ మట్టి మంచిది. మంచి మట్టి అక్కడికి ఎలా వచ్చిందో అందరికీ తెలుసు గానీ ఎవరూ మాట్లాడరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆకాశంలో మబ్బు తునక లేని ఒక మధ్యాహ్నం, పైన మంచుకొండ కింది చెరువు తెగింది. మా నాన్న కాలువ తూము ఎత్తడానికి వెళ్లాడు. బురదా, రాళ్లూ, చెట్లూ కలిసి ఒక గోడలా వచ్చాయి. మా అమ్మ తమ్ముడు మీర్‌హైదర్ నన్ను చంకలో ఇరికించుకుని గట్టెక్కాడు. అప్పుడాయనకి ఇరవై మూడేళ్లు. నాన్న దొరకలేదు.

ఆ తర్వాత నన్ను పెంచింది మామే. ముప్పై ఒకటో ఏట రోడ్డు పనిలో బండ పేలుస్తుంటే మందు ముందే అంటుకుని ఆయన రెండు కళ్లూ పోయాయి. మనిషి ఆరు నెలలు గోడకి తిరిగి పడుకున్నాడు. ఏడో నెలలో లేచి, సవ్రీ అత్త చెయ్యి విదిలించుకుని, తడుముకుంటూ తోటలోకి నడిచాడు. ముప్పై అయిదేళ్లుగా మేట మీది ఆ ఇంట్లోనే, ఆ తోటలోనే, గోడ మీద చెయ్యి వేసి కొన్నిచోట్ల, కాలువ చప్పుడు పట్టుకుని కొన్నిచోట్ల, కర్ర లేకుండా తిరిగేవాడు. బెరడు తడిమి చెట్టు పేరు చెప్పేవాడు. కొమ్మలు తనే కోసేవాడు. జల్దారు పళ్లు చీల్చి గింజ తీసి ఎండబెట్టడంలో మా ఊళ్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. కొత్తవాళ్లెవరైనా వస్తే ఆయనకి చూపు లేదని పూటంతా గడిచాక గానీ తెలిసేది కాదు.

వాగు కొలిచే పని నాకు రావడానికి కారణం మా నాన్న పోయిన తీరే. నేనడిగి మరీ తెచ్చుకున్నాను. వాగులో ఒక రాతికి కొట్టిన కొలబద్ద ఉంటుంది. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి చూసి, అంకె ఫోన్‌లో చెప్పాలి. రెండు మీటర్లు దాటితే ప్రమాదం.

ఆ ఏడు మంచు విపరీతంగా పడింది. మే నెలలో జిల్లా నుంచి ఇద్దరు అధికారులు వస్తే వాళ్లని పైకి తీసుకెళ్లాను. చెరువు రాళ్లకట్ట అంచుకి ఒక మూరెడు దిగువన ఉంది. వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. "కనిపెట్టి ఉండు. రెండు మీటర్లు దాటగానే ఇళ్లు ఖాళీ చేయించే ఉత్తర్వు ఇస్తాం" అన్నారు. నాకు అర్థం కానిది అదే. చెరువు తెగితే వాగు ఒక్కో వేలూ పెరిగి రెండు మీటర్లకి రాదు. ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు ఫోన్ చేసేదెవరు?

తొమ్మిది ఇళ్లకీ తిరిగి చెప్పాను. నలుగురు సరేనన్నారు. నలుగురు నవ్వారు. హోల్మురాద్ అయితే బార్లీకి నీళ్లు కడుతూ పార ఆపకుండానే అన్నాడు.

"నువ్వు ఏటా ఇదే పాట పాడతావు షోదీ. మా ఆవిడకి నీ మాట వింటే చాలు, దుప్పట్లు మూట కడుతుంది. విప్పుకోవడానికి నాకు వారం పడుతుంది."

మామ నవ్వలేదు. "నేనెక్కడికి పోతానురా? అక్కడ గోడలు నాకు తెలియవు" అన్నాడు. అంతే.

జూన్ పదకొండు సాయంత్రం. నాలుగు రోజులుగా మండే ఎండ. వాగు బూడిదరంగులో పారుతోంది. కొలబద్ద దగ్గర వంగి చూశాను. ఒక మీటరు అరవై రెండు. పొద్దుటి కంటే పది సెంటీమీటర్లు ఎక్కువ. అవతలి ఒడ్డున మామ ఇంటి పొయ్యిలోంచి పొగ నిటారుగా లేస్తోంది. సవ్రీ అత్త రొట్టెలు కాలుస్తోంది. ఫోన్ తీశాను.

"రెండు మీటర్ల పన్నెండు" అన్నాను.

ఫరోగత్ మళ్లీ అడిగింది. "రెండా, అన్నా?"

"రెండు. పన్నెండు."

మర్నాడు పొద్దున్నే ఉత్తర్వూ, లారీలూ కలిసే వచ్చాయి. ఆగస్టు ముగిసేదాకా మేట మీద ఎవరూ ఉండకూడదు. కింద పట్నంలో ఒక బడి వసతిగృహం ఖాళీ చేసి ఉంచారు. పొద్దుటి కొలత ఎంతని ఎవరూ అడగలేదు. అడిగితే తగ్గిందని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. జనం తిట్టుకుంటూ, పిల్లల్ని లారీల్లోకి ఎక్కిస్తూ, కోళ్లని పట్టుకుంటూ తిరిగారు. హోల్మురాద్ ముఖం తెల్లబోయి ఉంది. రెండు మీటర్ల పన్నెండు అన్నాక అతను కూడా జోకు వెయ్యలేదు.

మామ తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాగు వైపు చెవి ఒగ్గి.

"రెండు మీటర్లా అల్లుడూ?"

"రెండు దాటింది మామా. లారీ ఎక్కు. నీకు దండం పెడతాను, ఎక్కు."

ఆయన చెయ్యి చాచి నా ముఖం తడిమాడు. తడి తగిలి ఉంటుంది. ఇంకేమీ అడగలేదు. "సవ్రీ, పరుపు కట్టు. పోదాం" అన్నాడు. అత్త విస్తుపోయి చూసింది. మే నుంచి ఆమె ఎంత బతిమాలినా కదలని మనిషి.

మామ ఆవుని మా ఇంటికి తోలుకొచ్చాను. ఆ సాయంత్రం ఖాళీ ఇళ్ల వైపు చూస్తూ కూర్చుంటే ఎన్నో ఏళ్ల తర్వాత గుండెల్లో బరువు దిగినట్టనిపించింది. అబద్ధం ఆడినందుకు సిగ్గు పడలేదు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. రానీ, ఇప్పుడు రానీ అనుకున్నాను.

అది రాలేదు.

వారం తిరగకుండానే చల్లగాలి తిరిగింది. వేసవి అంత హాయిగా ఉండటం మా ఊళ్లో ముసలివాళ్లు కూడా చూడలేదు. పగలు ఎండ ఒంటికి వెచ్చగా తగిలేది గానీ మండేది కాదు. రాత్రి పైన మంచు మళ్లీ గడ్డకట్టుకునేది. వాగు రోజుకి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున తగ్గింది. జూన్ ఇరవై రెండున చెరువు దాకా ఎక్కి వెళ్లాను. రాళ్లకట్ట పక్కన నీరు తనంతట తనే ఒక దారి చేసుకుని, తెల్లటి పాయగా నెమ్మదిగా దిగుతోంది. చెరువు మనిషి లోతున తగ్గిపోయింది. తడి ఆరని గుర్తు ఒడ్డు చుట్టూ గీత గీసినట్టుంది. ఇక ఈ ఏడు భయం లేదు. పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది.

అక్కడి నుంచే దిగుతూ, సిగ్నల్ అందిన మలుపులో ఆగి ఫరోగత్‌కి ఫోన్ చేశాను.

"చెరువు దిగిపోయిందమ్మా. వాళ్లని ఇళ్లకి రానివ్వండి."

"నేను అడిగి చూస్తాను గానీ అన్నా, కుదరదు. ఒకసారి రెండు మీటర్లు దాటిన వాగు. ఆగస్టు లోపు దాని మీద ఎవరు సంతకం పెడతారు? ఆ కొలత తప్పని తేలితే వేరే సంగతి." ఊరికే, మాటవరసకి అడిగింది. "తప్పు కాదుగా?"

గాలి బాగా వీస్తోంది. కింద లోయలో మా ఊరు కనిపిస్తోంది. తప్పమ్మా, నేనే తప్పు చెప్పాను అంటే సరిపోయేది. మర్నాటికి మామ తన గుమ్మంలో ఉండేవాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? ఊరి ముందు తల దించుకోవాలని భయపడ్డానా? రెండూనేమో. కొంచెం ఆలోచించుకుందాం, రేపు చెబుదాం అని కూడా అనుకున్నాను.

"కాదు" అన్నాను.

మొదటి అబద్ధానికి ఇప్పటికీ నా దగ్గర జవాబుంది. అడిగితే, భయపడ్డానని చెబుతాను. ఈ రెండోదానికి లేదు.

రేపు చెబుదామనుకుంటూ పదకొండు రోజులు గడిపాను. వాగు ఒక మీటరు ముప్పైకి దిగింది. మల్బరీ పళ్లు రాలుతున్నాయి. ఒక డబ్బా నిండా ఏరుకుని, మామకి ఇష్టమని, జూలై నాలుగున పట్నం వెళ్లాను. లోయ దిగేకొద్దీ వేడి. పట్నంలో తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. వసతిగృహం మెట్ల మీద హోల్మురాద్ బనీనుతో కూర్చుని ఉన్నాడు.

"రా, రా. నీ వరద ఎక్కడిదాకా వచ్చింది? దారిలో టీ తాగడానికి ఆగిందా?" అన్నాడు. అంతలోనే నా చేతిలో డబ్బా చూసి గొంతు మార్చాడు. "మీ మామ ఇక్కడ లేడు. ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్ననే."

వాళ్లకి ఇచ్చిన గది రెండో అంతస్తులో ఉంది. మరుగుదొడ్లు కింద, పెరట్లో. ఇరవై రోజులు సవ్రీ అత్త చెయ్యి పట్టుకుని దిగీ ఎక్కీ విసిగిపోయాడు మామ. ముప్పై అయిదేళ్లుగా ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి. నిన్న మధ్యాహ్నం అత్త నిద్రపోతుంటే లేపబుద్ధి కాక ఒక్కడే బయల్దేరాడు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూనే దిగాడట. మలుపు దగ్గర ఒక మెట్టు విరిగి ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో సవ్రీ అత్త నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చాయా నీ నీళ్లు?" అంది.

నేను డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఆయన నా మాట ఎప్పుడూ వినలేదు. నీ మాట విన్నాడు. చూడు, వెళ్లి చూసుకో."

మామ మంచం మీద కాలికి బరువు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. మల్బరీ వాసనకి తల తిప్పాడు. "తెల్లవా, నల్లవా?" అన్నాడు. నోట్లో ఒకటి పెట్టాను. "మన కాలువ పక్క చెట్టువి" అని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

ఆపరేషన్ రాజధానిలో అయితే కుదురుతుందన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఎముక ఎలాగో అతుక్కుంది, పొట్టిగా, వంకరగా. ఆయన్ని మళ్లీ ఆ వసతిగృహానికే తెచ్చారు. ఆగస్టులో మేట మీది తోటల్లో జల్దారు పండి రాలింది. నేనూ నా భార్యా ఏరగలిగినంత ఏరి చీల్చి ఎండబెట్టాం. తొమ్మిది ఇళ్ల పంటని ఇద్దరం ఏం ఏరతాం? చెట్ల కింద పళ్లు నల్లబడి, కందిరీగలు ముసిరి, తోట అంతా పులిసిన వాసన వేసింది. హోల్మురాద్ బార్లీ తడి లేక నిలువునా ఎండింది. ఎవరు ఎదురైనా "ఎంత మంచి వేసవి!" అనేవాళ్లు. అవునని తల ఊపేవాణ్ణి.

అలా ఆగస్టు ఇరవై తొమ్మిది వచ్చింది. మసీదు మైకు ముందు నిలబడి ఆ నాలుగు వాక్యాలూ చదివాను. నా గొంతు కొండకి తగిలి తిరిగి నాకే వినిపించింది. వరద ముప్పు తక్కువ. వరద ముప్పు తక్కువ.

రెండు రోజుల్లో అందరూ వచ్చారు. మామని లారీలోంచి హోల్మురాద్ వీపున ఎక్కించుకుని ఇంట్లోకి మోశాడు. గుమ్మం దాటుతుంటే మామ చెయ్యి చాచి గోడని తడిమాడు. ఎండ పడే చోట పరుపు వేసి ఆనించాం. సవ్రీ అత్త చీపురు పట్టుకుని, నా వైపు చూడకుండా, మూడు నెలల దుమ్ము ఊడుస్తోంది.

హోల్మురాద్ వెళ్లిపోయాక మామ అడిగాడు.

"ఇవాళ ఎంతుంది వాగు?"

"ఎనభై ఆరు సెంటీమీటర్లు."

"ఊఁ. నీలంగా ఉండి ఉంటుంది ఈపాటికి."

"నీలంగానే ఉంది మామా." ఇక ఆగలేకపోయాను. "జూన్‌లో రెండు మీటర్లు లేదు. ఒకటీ అరవై రెండు. నేను అబద్ధం చెప్పాను."

చీపురు చప్పుడు ఆగింది.

మామ వాగు వైపు చెవి తిప్పాడు. తర్వాత, "తెలుసురా" అన్నాడు. "రెండు మీటర్లుంటే అడుగున రాళ్లు దొర్లుతాయి. నేల కూడా అదురుతుంది. ఆ పొద్దున ఒక్క రాయీ కదల్లేదు. గుమ్మంలో నిలబడి విన్నాను కదా."

"మరి లారీ ఎందుకెక్కావు?"

"నీ కోసం ఎక్కాను. నలభై మూడేళ్లుగా నువ్వు ఆ వాగు ముందు గొంతుక్కూర్చుని ఉన్నావు. ముఖం తడిమితే ఏడుస్తున్నావు. నేను పోకపోతే నువ్వు ఆ వేసవంతా నిద్రపోవు. నాలుగు రోజులు పోయొస్తే వీడి భయం తీరుతుంది, తర్వాత వాడే వచ్చి చెబుతాడు, తీసుకొస్తాడు అనుకున్నాను." గోడ మీద చెయ్యి ఆనించి అన్నాడు. "ఎదురుచూశానురా. ఆ వసతిగృహం మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు విన్నా నువ్వేననుకునేవాణ్ణి."

నేను ఆయన పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా తల నిమరలేదు, కాలు వెనక్కి తీసుకోనూ లేదు. సవ్రీ అత్త చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్లిపోయింది. ఈరోజుకీ ఆమె నాతో మాట్లాడదు. నేను వెళితే టీ గిన్నె తెచ్చి నా ముందు పెడుతుంది. పెట్టి, నేను లేనట్టే వెళ్లిపోతుంది.

శుక్రవారం నమాజు తర్వాత మసీదు ముంగిట అందరి ముందూ చెప్పాను. కొందరు అరిచారు. ఒకాయన ఉమ్మేసి వెళ్లిపోయాడు. హోల్మురాద్ ఏదో ఒక మాట విసురుతాడని చూశాను. అతను టోపీ తీసి చేతిలో నలుపుతూ, "బార్లీ పోయింది, సరే. ఆ ముసలాయన్ని రోజూ ఆ మెట్ల మీద వీపున మోసింది నేను షోదీ. ఎంత తేలికైపోయాడో నీకు తెలియదు" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఫరోగత్‌కి కూడా ఫోన్ చేశాను. విని, "ఆ రోజు నేనడిగాను కదన్నా" అంది. గొంతులో నవ్వు లేదు. వారం తర్వాత వాగు కొలిచే పని బడి పంతులమ్మ మోహిరాకి ఇచ్చారు. కొలబద్ద దగ్గరికి తీసుకెళ్లి, అల వచ్చి తగిలినప్పుడు కాకుండా వెనక్కి తగ్గినప్పుడు ఎలా చదవాలో చూపించాను. ఆమె శ్రద్ధగా విని, తనే మరోసారి చూసుకుని, నన్ను అడగకుండానే ఫోన్‌లో అంకె చెప్పింది.

సెప్టెంబరు అంతా అలాగే గడిచింది. పొడిగా, వెలుతురుగా. గాలిలో ఎండుగడ్డి వాసన. మిగిలిన జల్దారు పళ్లు మా ఇంటి కప్పు మీద నుంచి తెచ్చి మామ ముందు పోస్తే వేళ్లతో చిదిమి చూసి, "బాగా ఎండలేదు" అని పక్కన పెట్టాడు. ఎండాయి. వాటిని మళ్లీ కప్పు మీద పరిచాను.

అక్టోబరు మొదట్లో ఒక ఉదయం, తనంతట తనే, "తోటలోకి పోదాం పట్టు" అన్నాడు. ఒక చేతి కింద నేను, ఇంకో చేతిలో కర్ర. గుమ్మం దాటాం. కాలువ చప్పుడు వైపు తల తిప్పి, దాన్ని పట్టుకుని అడుగు వెయ్యబోయాడు. పొట్టిదైన కాలు నేలకి ఆలస్యంగా ఆనింది. దానితో ఆయన ఒళ్లు పక్కకి తిరిగింది, చప్పుడు తప్పింది. ఇంకో అడుగు వేశాడు. మొదటి చెట్టుకి ఇంకా పది గజాలుంది. ముప్పై అయిదేళ్లు కర్ర లేకుండా తిరిగిన చోట, చెయ్యి ముందుకి చాచి గాలిలో తడుముతూ నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇటువైపు మామా, కొంచెం కుడికి" అన్నాను.

"నాకు తెలుసులే" అన్నాడు. కానీ కదల్లేదు. కొంతసేపయ్యాక, "చాలు, ఇవాళ్టికి. లోపలికి తీసుకెళ్లు" అన్నాడు.

మర్నాడు కూడా ఎండ బాగా కాసింది. వెళ్లి, "పోదామా మామా?" అని అడిగాను. గాలి చల్లగా ఉందన్నాడు. ఆ మర్నాడూ అడిగాను. ఆ తర్వాత అడగడం మానేశాను.